కాగితం సంచి రాజకుమారి కథ: ఆ ఆఖరి మాట తెలుగులో ఏమని చెప్తున్నారు?

ఎంవీపీ_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకి ఐదేళ్ళు. రాత్రి కథ చెప్పకపోతే కళ్ళు మూయదు. నెల రోజులుగా మా ఇంట్లో ఒకే పుస్తకం నడుస్తోంది, ‘ది పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’. ఇంగ్లీషు పుస్తకం, నేను పేజీలు తిప్పుతూ తెలుగులో చెప్తుంటాను. రాసింది రాబర్ట్ మన్ష్, బొమ్మలు మైకేల్ మార్చెంకో, 1980లో కెనడాలో వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం కథ చెప్తాను. ఎలిజబెత్ అని ఒక రాజకుమారి. కోట, ఖరీదైన బట్టలు, రోనాల్డ్ అనే రాజకుమారుడితో పెళ్ళి, అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఇంతలో డ్రాగన్ వచ్చి కోట కూల్చేసి, ఆ పిల్ల బట్టలన్నీ తగలబెట్టేసి, రోనాల్డ్‌ని ఎత్తుకుపోతుంది. వేసుకోవడానికి ఏమీ లేక, కాలకుండా మిగిలిన ఒక కాగితం సంచి తొడుక్కుని, కాలిపోయిన అడవుల జాడ పట్టుకుని ఆ పిల్లే వెతుక్కుంటూ వెళ్తుంది. డ్రాగన్‌ని పొగిడి పొగిడి, ఒకసారి 50 అడవులు, ఇంకోసారి 100 అడవులు కాల్పిస్తుంది, ప్రపంచం చుట్టూ రెండుసార్లు తిప్పిస్తుంది, అది ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాక లోపలికి వెళ్తుంది. అక్కడ రోనాల్డ్ ఏమంటాడంటే, నీ దగ్గర బూడిద కంపు, జుట్టంతా చిక్కులు, ఆ మురికి సంచేమిటి, నిజం రాజకుమారిలా తయారయ్యి అప్పుడు రా అంటాడు. నీ బట్టలు బాగున్నాయి, జుట్టు చక్కగా దువ్వి ఉంది, చూడ్డానికి రాజకుమారుడిలాగే ఉన్నావు గానీ నువ్వు ఒక ఫలానా అని ఒక మాట అనేసి ఎలిజబెత్ గంతులేసుకుంటూ వెళ్ళిపోతుంది. పెళ్ళి జరగదు.

నా టెన్షన్ అంతా ఆ ఒక్క మాట దగ్గరే. ఇంగ్లీషులో అక్కడ ‘బమ్’ అని ఉంది, అంటే పనికిరానివాడు అనే తిట్టు, కొన్ని ముద్రణల్లో దాన్ని ‘కప్ప’ అని మార్చారు. తెలుగులో ఏమనాలి? ‘వెధవ’ అన్నాను, మర్నాడు పొద్దున్నే పాప పక్కింటి అబ్బాయిని అదే మాట అంది. ‘సోమరిపోతు’ అన్నాను, అతను సోమరేం కాదు కదమ్మా, కట్టేస్తే ఏం చేస్తాడు అంది. ఇంకో సమస్య, మా అత్తగారికి ముగింపు నచ్చలేదు. పెళ్ళి కాకుండా ఆపేస్తే అది కథెలా అవుతుందమ్మా, పిల్లకి నిద్రెలా పడుతుంది అంటున్నారు. మీ ఇళ్ళల్లో ఎలా చెప్తున్నారు?

గాజువాక_నాన్న
మా వాడికి ఆరేళ్ళు, మా ఇంట్లోనూ ఇదే పుస్తకం. వాడికి రోనాల్డ్‌తో పనిలేదు, తలుపు దగ్గర ఘట్టం కావాలి. ఎలిజబెత్ తలుపు కొడితే డ్రాగన్ ముక్కు బయటపెట్టి, నాకు రాజకుమార్తెలని తినడం చాలా ఇష్టం, కానీ ఇవాళ ఒక కోట మొత్తం తినేశాను, ఖాళీ లేదు, రేపు రా అని ధన్‌మని తలుపు వేసేస్తుంది కదా, అక్కడ మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతాడు. ప్లంబర్‌కి నేను ఫోన్ చేసినప్పుడల్లా వినేది ఆ మాటే, వాడికి బాగా తెలుసు.

నేను ‘దద్దమ్మ’ అంటున్నానండి. వాడికి నచ్చింది.

భీమిలి_టీచరు
దద్దమ్మ కుదరదేమో సార్. దద్దమ్మ అంటే చేతకానివాడని. డ్రాగన్ ఎత్తుకుపోతే ఎవరికి మాత్రం ఏం చేతనవుతుంది, అది తప్పు కాదు. తనకోసం అంత దూరం నడిచొచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే అతనికి ముందు సంచి కనపడింది. ఆ పిల్ల కోపం దానికి. మాటలో అది రావాలి. ఇప్పటికిప్పుడు నాకూ తోచడం లేదు, ఆలోచిస్తాను.

ఈ కథతో నాకు జరిగింది చెప్తాను. నిరుడు మా 3వ తరగతి పిల్లలకి చెప్పాను. ఎక్కడ నవ్వుతారని ఎదురు చూశానో అక్కడ ఎవరూ నవ్వలేదు. రాజకుమారి వెళ్ళి రాజకుమారుణ్ణి విడిపించింది అంటే, ఓహో అలాగా అని చూస్తున్నారు. నాకు అర్థం కాలేదు. తర్వాత అడిగితే తెలిసింది, సగం మందికి అసలు రాజకుమారి కథ ఒక్కటీ తెలియదు. పేదరాశి పెద్దమ్మ ఎవరో తెలియదు. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటుందని తెలియదు. చూసేవన్నీ ఫోన్లో వచ్చే కార్లు, సూపర్‌హీరోలు. తిన్నగా ఉన్న కథ తెలిస్తేనే కదా తలకిందులు చేస్తే నవ్వొచ్చేది!

అందుకని వారం రోజులు వేరే పని పెట్టుకోలేదు, చివరి పీరియడ్ అంతా కథలే. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, దాని తొర్రలో చిలక, మాయల ఫకీరు, బాలనాగమ్మని విడిపించడానికి వెళ్ళిన కొడుకు, ఎత్తుకుపోయిన రాజకుమార్తె, గుర్రమెక్కి వచ్చే రాజకుమారుడు, అర్ధరాజ్యం, ఆకాశమంత పందిరి భూదేవంత పీట, అన్నీ చెప్పాను. నాలుగో రోజుకి వాళ్ళే ముందు చెప్పేస్తున్నారు, ఇప్పుడు పెద్దమ్మ ఇల్లు వస్తుంది టీచర్, ఇప్పుడు రాక్షసుడు నరవాసన నరవాసన అంటాడు టీచర్ అని. శనివారం నాడు మళ్ళీ ఈ పుస్తకం తీశాను. డ్రాగన్ రోనాల్డ్‌ని ఎత్తుకుపోయింది అనగానే వెనక బెంచీలోంచి ఒకడు, టీచర్ తప్పు చదివారు, ఎత్తుకుపోవాల్సింది అమ్మాయిని అన్నాడు. తరగతంతా గొల్లుమంది. ఆ నవ్వు కోసం వారం పట్టింది, నాకేం విచారం లేదు.

అన్నట్టు ఈ కథ పుట్టింది కూడా ఇలా పిల్లల ముందే. మన్ష్ అమెరికాలో ఒక చిన్నపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసేటప్పుడు డ్రాగన్ కథలు చెప్పేవారు, అన్నిట్లోనూ రాజకుమారుడే వచ్చి కాపాడేవాడు. అక్కడే పనిచేసే ఆయన భార్య, ఎప్పుడూ అతనే ఎందుకు కాపాడాలి, రాజకుమారి కాపాడకూడదా అని అడిగారు. అక్కడి పిల్లల్లో చాలామంది అమ్మ ఒక్కతే పెంచుతున్న పిల్లలు. ఆ ప్రశ్న పట్టుకుని ఆయన కథ తిరగేశారు.

లాసన్స్‌బే_తాతయ్య
టీచరమ్మ చెప్పింది బాగుంది. నాకు డెబ్బై దాటాయి, చందమామ మొదటి సంచికలు మా నాన్నగారు దాచిపెడితే చదువుకున్నవాణ్ణి. 1947లో మొదలైన పత్రిక అది. మనవరాలి కోసం ఈ పుస్తకం నేనూ చదివాను.

ఒక్క మాట. ఆడపిల్ల వెళ్ళి మగవాణ్ణి విడిపించడం ఏదో విదేశాల నుంచి వచ్చిన వింత అన్నట్టు మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. సావిత్రి చేసిందేమిటి? కత్తి పట్టలేదు, గుర్రమెక్కలేదు, యముడి వెంట నడుస్తూ మాటలతో గెలిచింది. నూరుగురు కొడుకులు కావాలని వరం అడిగి, ఆయన సరే అన్నాక, భర్త లేకుండా ఎలా స్వామీ అంది. నరకాసురుడి మీద విల్లెత్తిన సత్యభామని పోతన ఎలా చూపించారో మనకి తెలుసు. పొగిడి బోల్తా కొట్టించడమూ మనకి కొత్త కాదు, పంచతంత్రంలో కుందేలు సింహాన్ని నూతి దగ్గరికి తీసుకెళ్ళింది కూడా దాని గర్వం ఆసరాగానే. కాబట్టి ఆ భాగం మన పిల్లలకి మనదిలాగే చెప్పొచ్చు.

నాకు ఇబ్బంది ముగింపే. అంత కష్టపడి విడిపించుకుని, ఒక్క మాట పట్టుకుని వదిలేసి పోవడమేమిటి? తెలియక అన్నాడు, సర్దిచెప్పుకోవచ్చు. ఎంవీపీ అమ్మగారి అత్తగారి పక్షాన నేనున్నాను.

ఎంవీపీ_అమ్మ
తాతయ్యగారూ, మీ మాట మా అత్తగారికి చదివి వినిపించాను, చాలా సంతోషపడ్డారు. కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. సావిత్రి భర్తని తెచ్చుకుంది, ఎందుకంటే సత్యవంతుడు అలాంటివాడు. యముడి దగ్గర్నుంచి తిరిగొచ్చి లేవగానే ‘నీ చీరంతా మట్టేమిటి’ అని అతను అడిగి ఉంటే?

పెదజాలారిపేట_అమ్మాయి
ఎంవీపీ అక్కా, ఆ ప్రశ్నకి చప్పట్లు.

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో ఏడు చేపల కథ గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా. అందరికీ తెలిసిన కథే. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు, చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమేటు అడ్డొచ్చింది, అక్కణ్ణుంచి ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లాడు, చీమ. మా నాన్న బోటు మీద వెళ్తాడు, మా అమ్మా నాన్నమ్మా చేపలు ఎండబెట్టి అమ్ముతారు. నెత్తళ్ళు, సావిడాయిలు ఎండబెట్టే ఇసకలోనే మేం ఆడుకునేవాళ్ళం. నా చిన్నప్పుడు స్కూల్లో ఈ కథ విని ఇంటికొచ్చి చెప్తే మా నాన్నమ్మ ముక్కున వేలేసుకుంది. రాజు కొడుకులకి చేపలు ఎండబెట్టడం ఏం తెలుస్తుందే, ఉప్పు పట్టించారా? పొద్దుట పరిచినదాన్ని మధ్యాహ్నం తిరగేశారా? తిరగెయ్యకపోతే కింద వైపు పచ్చిగానే ఉంటుంది, వాసనొస్తుంది, పురుగు పడుతుంది. చెయ్యాల్సిన పని చెయ్యకుండా చేపనడిగి, గడ్డినడిగి, ఆవునడిగి ఊరంతా తిరిగారా అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ కథ వేరే. ఏడుగురు కొడుకులూ ఊరంతా తిరిగి అలిసిపోయి వస్తారు, ఇసక మీద ఒక జాలరి పిల్ల కూర్చుని ఉంటుంది, ఆ పిల్ల లేచి చేపని తిరగేస్తుంది. సాయంత్రానికి ఎండిపోతుంది. ఇప్పుడు మా తమ్ముడి పిల్లలకి కూడా ఇదే చెప్తాను. ‘తిరగేసింది’ అన్న చోట అందరం కలిసి అరుస్తాం.

అసలు కథ నేను మర్చిపోలేదు, అదీ నాకిష్టమే. బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ అన్నచోట ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మా నాన్నమ్మ కథలో మేమున్నాం.

భీమిలి_టీచరు
అమ్మా, ఈ కథ నేను రేపే మా పిల్లలకి చెప్తాను, మీరు ఒప్పుకుంటే. మా తరగతిలో జాలరి పిల్లలు ఆరుగురున్నారు.

పెదజాలారిపేట_అమ్మాయి
తప్పకుండా చెప్పండి టీచరుగారూ. ఉప్పు మాట మర్చిపోవద్దు.

బొమ్మల_పిచ్చి
అందరూ కథ గురించే మాట్లాడుతున్నారు, బొమ్మల గురించి నేను రాస్తాను. నేను బొమ్మలు వేసి బతుకుతున్నా, అందుకే ఈ పుస్తకం వారానికోసారి తీస్తాను. రోనాల్డ్‌ని చూడండి. డ్రాగన్ ప్యాంటు పట్టుకుని ఎత్తుకుపోతున్నా చేతిలో టెన్నిస్ రాకెట్ వదలడు. ఆ సంగతి కథలో ఎక్కడా మాటల్లో ఉండదు. బొమ్మ చూసే పిల్లకి మాత్రం మొదట్లోనే తెలిసిపోతుంది, ఇతను ఎలాంటివాడో. చదివే అమ్మకి ఆఖరి పేజీ దాకా తెలియదు. బొమ్మల పుస్తకం అంటే అదే మరి, మాట ఒకటి చెప్తుంటే బొమ్మ ఇంకోటి చెప్పాలి. మనకి వచ్చే చాలా పిల్లల పుస్తకాల్లో మాట ‘ఏనుగు నడిచింది’ అంటే పక్కన నడుస్తున్న ఏనుగు బొమ్మ ఉంటుంది, పిల్లలకి వెతకడానికి ఏమీ మిగలదు.

ఇంకొకటి, కాగితం సంచి. దాని మీద పూలు గానీ బెల్టు గానీ లేవు, చివరి వరకు అది ఉత్తి సంచే. వేరే ఎవరైనా అయితే చివర్లో ఒక దేవత వచ్చి దాన్ని పట్టుగౌను చేసేసేది. ఆఖరి పేజీలో ఆ పిల్ల సూర్యుడి వైపు చేతులు చాపుకుని పోతుంటుంది, ఒంటిమీద అదే సంచి. తాతయ్యగారూ, ఆ బొమ్మ చూశాక కూడా ముగింపు విచారంగా ఉందంటారా?

గాజువాక_నాన్న
దీని గురించి మావాడి స్కూల్లో జరిగింది చెప్పాలి. నచ్చిన పుస్తకం తెచ్చుకోండి అన్న రోజు మావాడు ఇది పట్టుకెళ్ళాడు. సాయంత్రం డైరీలో రాసి పంపారు, పెళ్ళి వద్దనుకునే కథలు చిన్నపిల్లలకి తగినవి కావు, నీతికథలు పంపండి అని. వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు, నేనేం తప్పు చేశాను నాన్నా అని. నాకు కోపమొచ్చింది. ఆరేళ్ళవాడికి పెళ్ళి గొడవేమిటి, వాడు నవ్వింది తలుపు దగ్గర! వెళ్ళి మాట్లాడాను, పుస్తకం మొత్తం అక్కడే కూర్చుని చదివి వినిపించాను. టీచరుగారు రెండుచోట్ల నవ్వారు, అయినా క్లాసులో వద్దన్నారు. వాడికి మాత్రం చెప్పాను, నువ్వు తప్పేం చెయ్యలేదురా అని.

కంచరపాలెం_అక్క
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. తాతయ్యగారు ‘ఒక్క మాట పట్టుకుని’ అన్నారు కదా, దానికోసం రాస్తున్నా.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం. అప్పుడు నేను పదో తరగతి. మాది రేకుల ఇల్లు. గాలికి రేకులు లేచిపోయాయి, ఒకటి మా కళ్ళముందే కాగితంలా మడతపడి రోడ్డు అవతల పడింది. బీరువాలో బట్టలు, బియ్యం, నా పుస్తకాలు అన్నీ నానిపోయాయి. రాత్రంతా పక్కవాళ్ళ మేడ మీద మెట్ల కింద కూర్చున్నాం. మర్నాడు కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. మా అమ్మ ఒంటిమీద ఉన్న చీర సగం చిరిగింది. నాన్న పాత రెయిన్‌కోటు ఒకటి మేకుకి వేలాడుతూ మిగిలింది, అమ్మ అది తొడుక్కుని, తాడుతో నడుం కట్టుకుని, రెండు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం వెళ్ళింది. రెండు రోజులు అదే వేషంలో తిరిగింది. ఇంట్లో మా నలుగురికీ ఆ రెండు రోజులూ నీళ్ళు, తిండి తెచ్చింది ఆ రెయిన్‌కోటే.

మూడో రోజు మా దగ్గరి చుట్టం ఒకాయన చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి మొదట అన్నమాట, ‘ఇదేం అవతారం వదినా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?’ ఎలా ఉన్నారు అని అడగలేదు. పిల్లలు తిన్నారా అని అడగలేదు. అమ్మ ఏమీ అనలేదు, బిందె తీసి ఆయన చేతిలో పెట్టి, ట్యాంకరు వచ్చే టైమైంది, నువ్వెళ్ళు అంది.

నా కూతురికి ఈ పుస్తకం చదివినప్పుడు ఆ పేజీ దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ఒక్క మాటే అది. కానీ ఆ మాట అన్నవాడితో మా అమ్మ మళ్ళీ మనసిచ్చి మాట్లాడలేదు. మా అమ్మ చేసింది సరైనదే.

ఎంవీపీ_అమ్మ
అక్కా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంటి ముందు వేపచెట్టు కూడా ఆ రోజే పోయింది. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

లాసన్స్‌బే_తాతయ్య
కంచరపాలెం అమ్మాయీ, నీ మాట రాత్రి చదివాను. పొద్దున్న మళ్ళీ చదివాను. ఒక్క మాట పట్టుకుని అన్నది నా పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను. మనిషి ఆపదలోంచి వచ్చినప్పుడు ముందు ఏది చూస్తామో అదే మన గుణం. ఆ పిల్ల వెళ్ళిపోవడం న్యాయం.

నడకలో ఆలోచిస్తుంటే ఎంవీపీ అమ్మగారు మొదట అడిగిన మాట దొరికింది. చూడ్డానికి బాగున్నావు, బట్టలు బాగున్నాయి, జుట్టు బాగుంది, కానీ... అని కదా ఆ పిల్ల అనేది. ఇది మన వేమన చెప్పిందే. మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట విప్పి చూడ పురుగులుండు. ‘నువ్వు మేడిపండువి’ అనమనండి.

భీమిలి_టీచరు
మాస్టారూ, అదీ మాట! తిట్టులా ఉంది, బూతు కాదు, రోనాల్డ్‌కి అతికినట్టు సరిపోయింది. పద్యం కూడా నోటికొస్తుంది.

గాజువాక_నాన్న
బ్రహ్మాండం. కానీ ఒక అనుమానం, మావాడు మేడిపండు చూడలేదు. నేను కూడా పద్యంలోనే చూశాను.

పెదజాలారిపేట_అమ్మాయి
సిటీ పిల్లలకి అదే చిక్కు అన్నా. పద్యం బట్టీ వస్తుంది, పండు తెలియదు.

ఎంవీపీ_అమ్మ
పది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఈ మాట మా అత్తగారికి చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ళ ఊరు ఆనందపురం అవతల, పొలం గట్టు మీద మేడిచెట్టు ఉంది. ఆదివారం అందరం వెళ్ళాం. పాప అసలు నమ్మలేదు, పళ్ళు కొమ్మల చివర కాకుండా చెట్టు మానుకే గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి, ఎర్రగా, నున్నగా, తళతళలాడుతూ. ఎంత బాగున్నాయో నాన్నమ్మా, తినేస్తా అంది. అత్తగారు ఒకటి కోసి పాప అరచేతిలో పెట్టి, విప్పి చూడు అన్నారు. పాప రెండు బొటనవేళ్ళతో విప్పింది. లోపల్నుంచి సన్నటి నల్లటి పురుగులు బిలబిలమని బయటికొచ్చి చెయ్యంతా పాకి, కొన్ని ఎగిరిపోయాయి. కెవ్వుమని పారేసింది. ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఇంకోటి కోసివ్వమంది.

ఆ రాత్రి పుస్తకం అత్తగారే పట్టుకున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బొమ్మలు చూస్తూ నెల రోజులు నా నోట విన్న కథ చెప్పారు. ఆఖరి పేజీకి వచ్చి, నీ బట్టలు బాగున్నాయి, నీ జుట్టు బాగుంది, కానీ నువ్వు... అని ఆపారు. పాప మంచం మీద లేచి నిలబడి ‘మేడిపండువి!’ అని అరిచింది, కింద ఫ్లాటు వాళ్ళకి వినిపించేంత గట్టిగా.

పెళ్ళి విషయంలో అత్తగారు ఇంకా పూర్తిగా రాజీపడలేదు. కానీ కొసలో తన సొంతంగా ఒక ముక్క కలిపారు. ఎలిజబెత్ నడుచుకుంటూ ఇంటికి వెళ్తుందట, వాళ్ళ నాన్నమ్మ ఆ బూడిదంతా పోయేలా తలంటు పోసి, చిక్కులు తీసి జడ వేసి, వేడన్నంలో నెయ్యి వేసి ముద్దపప్పు కలిపి పెడుతుందట. పాప ఇప్పుడు ఆ ముక్క వినకుండా పడుకోవడం లేదు. నిన్న అయితే, సంచి ఏం చేశారు నాన్నమ్మా అని అడిగింది. ఉతకడానికి కుదరదు కదమ్మా, మడిచి పెట్టెలో దాచింది అని చెప్పారు.